కనుమ నాడు కదిలిన కాకులు

కనుమ నాడు కాకి కూడా కదలదని మా అమ్మ మూడుసార్లు అంది. మొదటిసారి అన్నప్పుడు నేను బట్టలు సర్దుతున్నాను. రెండోసారికి కారు డిక్కీలో బియ్యం సంచి పెడుతున్నాను. మూడోసారి అన్నది వినపడీ వినపడనట్టు వీధి మలుపు తిరిగేశాం. ఏం చేస్తాం, మా అమ్మాయి కాలేజీ సెలవులు, మా బావమరిదికి దొరికిన సెలవు కలిసినవి ఆ నాలుగు రోజులే. కాకికి ఆఫీసు లేదు, దాని సంగతి వేరు.

మేం వెళ్లింది ఉట్నూరు దాటాక, జైనూరు వైపు కొండల్లో ఉన్న ఒక గోండు ఊరికి. నలభై ఇళ్లుంటాయి. అక్కడే పుట్టి, మాస్టారుగా పనిచేసి, రిటైరయ్యాక ఉట్నూరులో స్థిరపడ్డ ఒకాయన పాత పెంకుటిల్లు అది. తెలిసినవాళ్లు అడిగితే రోజుకు 800 రూపాయలకు ఇస్తాడు. ఫోనులో ముందే తేల్చి చెప్పాడు: "వంట మీరే చేసుకోవాలి సార్. హోటలు లేదు. ఊళ్లోవాళ్లను అది తెచ్చిపెట్టండి, ఇది చేసిపెట్టండి అని అడగొద్దు." ఊరి పేరు కూడా ఎక్కడా రాయొద్దన్నాడు. రాయను.

వంట మాట వినగానే మా ఆవిడ తన షరతు తాను పెట్టింది. "సెలవంటే నాకూ సెలవే. అక్కడ గరిటె ముట్టను." నేను వండుతానన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో పద్దులు చూసినవాడికి పప్పూ అన్నమూ ఒక లెక్కా అనుకున్నాను. చిన్న నోటుపుస్తకంలో సామాను జాబితా రాశాను. బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, నూనె, ఉప్పు, కారం, పసుపు, పోపుగింజలు, అగ్గిపెట్టెలు... మొత్తం 27 పద్దులు. మాస్టారు చెప్పాక నాకు పట్టుదల పెరిగింది: ఆ ఊళ్లో ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపకూడదు. ఇరవై ఎనిమిదోదిగా అమ్మ ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు పెట్టి ఇచ్చింది, కోపంగానే.

మొదటి రోజు

హనుమకొండ నుంచి కరీంనగర్, జగిత్యాల దాకా చెప్పుకోదగ్గదేమీ లేదు. పండగ పూట రోడ్డు ఖాళీ. ప్రతి ఊళ్లోనూ వాకిళ్లలో ముగ్గులు, ముగ్గుల మీద మోటారు సైకిళ్లు. ధర్మపురిలో ఆగి నరసింహస్వామి దర్శనం చేసుకున్నాం. అక్కడ యమధర్మరాజుకూ గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని నానుడి. మా బావమరిది ఆ గుడి ముందు రెండు దండాలు ఎక్కువే పెట్టి, "కనుమ దోషం ఇక్కడికి చెల్లు, బావా" అన్నాడు.

రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం. ఆ తర్వాత కవ్వాల్ అడవి. 2012లో దీన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. చెక్‌పోస్టు దాటిన దగ్గర్నుంచి మా అమ్మాయి పులి కోసం కిటికీకి అతుక్కుపోయింది. కనిపించినవి కొండముచ్చులు. ఒకటి రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, మమ్మల్ని తనిఖీకి వచ్చిన ఆడిటర్‌లా చూసింది. టేకు చెట్లు సగం ఆకులు రాల్చేశాయి. మిగిలిన ఆకులు అప్పడాల్లా ఎండి, గాలికి గలగలమంటున్నాయి. కొండల మీద చెట్ల మధ్య నుంచి ఆకాశం కనబడే కాలం ఇది. వానాకాలంలో ఈ దారి చాలా అందంగా ఉంటుందని అందరూ అంటారు కానీ, అడవి ఎముకలు చూడాలంటే జనవరిలోనే రావాలి.

ఊరు చేరేసరికి అయిదు దాటింది. ఇల్లు రెండు గదులు, ముందు పొడుగాటి వసారా, పైన గూన పెంకులు. గోడలు మట్టివి, కింద మోకాటి ఎత్తు దాకా ఎర్రమట్టి పూత, పైన సున్నం. పేడతో అలికిన నేల చల్లగా, కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది. వంటగదిలో గ్యాసు పొయ్యి చూసి నా ప్రాణం లేచి వచ్చింది. బర్నరు తిప్పి అగ్గిపుల్ల గీశాను. పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాను. సిలిండరును ఊపి చూసిన బావమరిది పెదవి విరిచాడు. ఖాళీ.

వసారా చివర మట్టిపొయ్యి ఉంది. పెరట్లో కట్టెలు ఉన్నాయి. నేను పుట్టింది పల్లెటూళ్లోనే. చిన్నప్పుడు అమ్మ కట్టెల పొయ్యి మీద వండుతుంటే వేల సార్లు చూశాను. చూడటానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరం ఆ సాయంత్రం అరగంటలో కొలిచాను. లావుపాటి కట్టెలు నాలుగు కుక్కాను, కాగితాలు అంటించాను, ఊదాను. పొగ కళ్లలోకి, ముక్కులోకి, గదుల్లోకి, చివరికి పక్కింటి వసారాలోకి వెళ్లింది. మంట మాత్రం ఎటూ వెళ్లలేదు. మా ఆవిడ అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చుని ఆకాశంలో చుక్కలు లెక్కపెడుతోంది. షరతు షరతే.

అప్పుడు పక్కింటి అవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. చేతుల మీద, కాళ్ల మీద పచ్చబొట్లు. వెనకే పదేళ్ల మనవడు. ఆమె ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. పొయ్యి ముందు గొంతుకు కూర్చుని, నేను కుక్కిన కట్టెల్లో మూడింటిని బయటికి లాగేసింది. మిగిలిన ఒక్కదాన్నీ కాస్త వెనక్కి జరిపి, కొస మాత్రమే లోపల ఉండేట్టు పెట్టింది. పెరట్లోకి వెళ్లి చేతి నిండా కందికట్టె తెచ్చింది. వేలి లావు పుల్లలవి, పేళ్లలా ఎండి ఉన్నాయి. వాటిని పిచ్చుక గూడులా పొయ్యిలో అల్లి, తన ఇంటి నుంచి పెంకుముక్క మీద రెండు నిప్పు కణికలు మనవడితో తెప్పించి, ఆ గూటిలో పెట్టి ఒక్కసారి ఊదింది. ఒక్కసారే. చిటపటమని మంట లేచింది.

"పొయ్యి నిండా కట్టెలు పెడితే మంటకు చోటెక్కడిది, బిడ్డా?" అంది.

ఆ రాత్రి పెసరపప్పు కిచిడీ తిన్నాం. అడుగంటింది. అయినా ఎవరూ ఏమీ అనలేదు. పొగ వాసన ఉన్న అన్నానికి ఒక సౌకర్యం ఉంది, మాడిన వాసన అందులో కలిసిపోతుంది. పడుకునే ముందు అలవాటు కొద్దీ నోటుపుస్తకం తీసి, వెనక పేజీలో రెండు గడులు గీశాను. అప్పు, జమ. అప్పు కింద రాశాను: నిప్పు, రెండు కణికలు. కందికట్టె, ఒక చేతెడు.

రెండో రోజు

చలికాలంలో రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రత అని వార్తల్లో తరచూ వచ్చే పేర్లు సిర్పూర్ (యు), గిన్నెధరి. రెండూ ఈ కొండల్లోవే. ఆ చలి ఏమిటో తెల్లవారుజామున నాలుగింటికి తెలిసింది. పెంకుల సందుల్లోంచి అది సూదుల్లా దిగింది. రెండు దుప్పట్లూ ఒక బొంతా కప్పుకున్నా కాళ్లు కడుపులోకి ముడుచుకోవాల్సి వచ్చింది. ఆరింటికి బయటికి వస్తే ఊరంతా మంటల దగ్గరే ఉంది. ఇంటికొకటి, వాకిలి ముందు చలిమంట. మనుషులు, కుక్కలు, ఒక మేకపిల్ల అందరూ ఒకే వరసలో కూర్చున్నారు.

బోరింగు దగ్గర నీళ్లు కొడుతుంటే పిల్లవాడు నాకు గోండీ పాఠం మొదలుపెట్టాడు. నీళ్లు చూపించి "ఏర్" అన్నాడు. మనకు ఏరు అంటే పారే వాగు, వాళ్లకు ఏర్ అంటే బిందెలో ఉన్నా నీళ్లే. గోండీ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబం భాషలని చదివి ఉన్నాను. బోరింగు పిడి పట్టుకుని చన్నీళ్లకు వణుకుతూ ఆ సంగతి తెలుసుకోవడం వేరుగా ఉంది. ఊరిని "నార్" అంటారట. "మీ నార్ ఏది?" అని అడిగాడు. హనుమకొండ అన్నాను. అది ఎంత పెద్ద కొండ అని అడిగాడు. వాళ్ల కొండల్ని చూస్తూ నిజం చెప్పడానికి కొంచెం సిగ్గేసింది.

పొద్దున టిఫిను జొన్నరొట్టె చేద్దామని నా ఆలోచన. పిండి ఇంటి నుంచి తెచ్చాను, పెనం తేలేదు. 27 పద్దుల్లో పెనం లేదు! అప్పుకు వెళ్లక తప్పలేదు. అవ్వ పెనం ఇచ్చింది, దానితోపాటు తానూ వచ్చింది. నా చేతి పని మీద ఆమెకు అప్పటికే ఒక అంచనా ఉంది మరి.

నేను చన్నీళ్లతో పిండి కలపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మసిలే నీళ్లు పోయించింది. గోధుమపిండిలా సాగే గుణం జొన్నకు లేదు. మరిగే నీళ్లు పడితేనే దానికి జిగురు వస్తుంది. ముందు కట్టెపుల్లతో కలిపి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి వచ్చాక అరచేతి మడమతో నలపాలి. ఎంతసేపు అని అడిగితే ఆమె చెప్పింది: "పిండి నీ చేతిని వదిలేదాకా." ముద్దను పళ్లెంలో పెట్టి, పొడిపిండి చల్లి, ఒక చేత్తో తడుతూ రెండో చేత్తో అంచును ఆపుతూ తిప్పింది. తట్టిన ప్రతిసారీ రొట్టె ఒక వేలెడు పక్కకు తిరిగింది. ఆ చప్పుడుకు ఒక తాళం ఉంది. నేను కొడితే తాళం తప్పింది, అంచులు పగుళ్లిచ్చాయి, ఎత్తబోతే మూడు ముక్కలై ఒక ముక్క పొయ్యిలో పడింది. నా రెండో రొట్టె తెలంగాణ పటంలా వచ్చింది. మూడోది మాత్రం గుండ్రమనే మాటకు దగ్గరగా ఉంది. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాయాలి, ఆ తడి ఆరగానే తిప్పాలి, ఆఖరున నిప్పుల ముందు నిలబెట్టాలి. అది బుస్సుమని పొంగినప్పుడు మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. దేనితో తిన్నామంటే, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పల్లీలు కలిపి రోట్లో నూరిన కారంతో. ఆ రోలు కూడా అవ్వదే. అప్పు కింద మూడు పద్దులు చేరాయి.

జమ వైపు ఏదైనా ఉండాలి కదా అని సకినాలు పది తీసి ఇచ్చాను. అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని చుట్లు లెక్కపెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద వేళ్లతో తిప్పుతూ పోస్తారని మా ఆవిడ చెప్పింది. "చేత్తోనేనా? అచ్చు లేకుండా?" అని అడిగి, చేత్తోనే అని విన్నాక కొరికింది. ఆ తర్వాత నన్ను వదిలేసి వాళ్లిద్దరూ మాటల్లో పడ్డారు. పది నిమిషాల తర్వాత చూస్తే మా ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని అవ్వ వెంట పత్తిచేనుకు నడుస్తోంది. గరిటె ముట్టనంది కానీ, పత్తి ఏరనని అనలేదుగా!

మధ్యాహ్నం నేను, అమ్మాయి, బావమరిది మార్లవాయి వెళ్లాం. జైనూరు మండలంలోనే ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ నివాసం ఏర్పరచుకున్న ఊరు. 1940లో కొమురం భీమ్‌ను చంపాక, గోండుల్లో ఆ తిరుగుబాటు ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆయన్ను పంపింది. 1943లో ఈ ఊళ్లోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. బెట్టీ 1987లో పోతే ఇక్కడే ఖననం చేశారు. 1995లో ఆయన లండన్‌లో చనిపోయారు. తర్వాత అస్థికలను తెచ్చి ఆమె పక్కనే సమాధి కట్టారు. రెండు సమాధులూ శుభ్రంగా ఉన్నాయి. ఎవరో పెట్టిన బంతిపూలు వాడి ఉన్నాయి.

గోండుల గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ మార్లవాయే. 2024 అక్టోబరులో ఆయన పోయారు. మేం నిలబడ్డ చోటికి ఒక పెద్దాయన వచ్చి, "రామ్ రామ్" అని పలకరించి, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం తిన్నారు అని అడిగాడు. మేం జొన్నరొట్టె అనగానే, "ఎవరు చేశారు?" అన్నాడు. బావమరిది నన్ను చూపించాడు. పెద్దాయన నా చేతుల వైపు చూసి నవ్వాడు. కాలిన వేళ్లకు పసుపు రాసుకుని ఉన్నాను.

తిరిగి వచ్చేసరికి మా ఆవిడ వసారాలో కూర్చుని చేతులు చూసుకుంటోంది. పత్తికాయ డొప్పల కొసలు గీరి, గోళ్ల చుట్టూ ఎర్రగా గీతలు. "రెండు గంటలు ఏరాను. ఎంత వచ్చిందో తెలుసా? తలగడకు కూడా చాలదు," అంది. పక్క సాలులో అవ్వ కోడలు అదే సమయంలో ఒడి నింపి, గోనెలో పోసి, మళ్లీ ఒడి నింపిందట. అందరూ తనను చూసి నవ్వారని కూడా చెప్పింది. ఆ నవ్వుకు ఆమె చాలా సంతోషంగా ఉంది.

మూడో రోజు

చింతపండు మర్చిపోయాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను కానీ, పద్దు పద్దే. పొద్దున చారు పెడదామని చూస్తే సంచిలో లేదు. పిల్లవాడు ఊరి చివర చెట్టు ఎక్కి దోర చింతకాయలు దులిపి తెచ్చాడు. సగం పులుపు, సగం తీపి. వాటిని నీళ్లలో ఉడికించి పిసికి చారు పెట్టాను. మూడు రోజుల్లో నేను చేసిన వంటల్లో నిజంగా బాగున్నది అదొక్కటే, అందులో నా ప్రతిభ ఏమీ లేదు.

తర్వాత జోడేఘాట్ వెళ్లాం. కెరమెరి ఘాట్‌ రోడ్డు మలుపుల్లో బావమరిది మాట్లాడటం మానేశాడు, కారు నడిపేది అతనే. ఒక్కో మలుపుకూ ఒక్కో లోయ. కొండల మీద ముసుగు వేసినట్టు పల్చటి మంచు పదింటికి కూడా వదల్లేదు. జోడేఘాట్‌లో భీమ్ స్మారకం, మ్యూజియం ఉన్నాయి. పన్నెండు ఊళ్ల మీద హక్కు కోసం, జల్ జంగల్ జమీన్ అని పోరాడినవాడు. 2016లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. మ్యూజియం చూశాం సరే. నాకు మాత్రం అక్కడ నిలబడి చుట్టూ చూసినప్పుడు కలిగిన ఆలోచన ఒకటుంది. ఇంత లోపల, ఇంత ఎత్తున ఉన్న రాళ్ల నేల మీద నాలుగు జొన్న కంకులు పండించుకుంటుంటే, దానికీ పన్ను అడగడానికి మనిషి ఎక్కి వచ్చాడంటే ఎంత ఓపిక ఉండాలి! బ్యాంకులో వసూళ్ల విభాగంలో నేనూ మూడేళ్లు పనిచేశాను. ఆ మూడేళ్ల గురించి ఇంట్లో ఎక్కువ మాట్లాడను. ఇక్కడా మాట్లాడను.

వచ్చే దారిలో ఒక వారసంత తగిలింది. మా వైపు అంగడి అంటాం. వంకాయలు, టమాటాలు, ఎండుచేపలు, కొడవళ్లు, వెండిరంగు కడియాలు, దుప్పట్లు. ఒకే బేరం తెలుగులో మొదలై మరాఠీలో నడిచి గోండీలో తెగుతోంది. అరకిలో వంకాయలు, పెద్ద బెల్లం ముద్ద కొన్నాం. బెల్లం అవ్వకు. నా లెక్క ప్రకారం అప్పటికి అప్పు వైపు తొమ్మిది పద్దులు, జమ వైపు ఒకటే.

సాయంత్రం బెల్లం ఇవ్వడానికి వెళితే కూర్చోబెట్టారు. కుండలో పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడుకుతున్నాయి. కాయను పళ్ల మధ్య పెట్టి లాగితే గింజలు నోట్లోకి, తొక్క చేతిలోకి. ఒకటితో ఆగడం ఎవరి వల్లా కాదు. అవ్వ కొడుకు ఇంటి దూలానికి వేలాడుతున్న ఒక మూటను పిల్లవాడు మాకు చూపించాడు. గుస్సాడీ కిరీటం, నెమలి ఈకలతో కట్టినది. దీపావళికి దండారీ ఆటలో వాళ్ల నాన్న కట్టుకుంటాడట. విప్పి చూపిస్తావా అని మా అమ్మాయి అడిగింది. పిల్లవాడు తల అడ్డంగా ఊపాడు. "ఊరికే ముట్టుకోకూడదు. అది దేవుడు." బట్ట సందులోంచి ఒక ఈక కొస మాత్రం బయటికి వచ్చి, మంట వెలుగులో నీలంగా మెరుస్తోంది. అమ్మాయి ఫోను తీయబోయి మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

రాత్రి అక్కడే తిన్నాం. జొన్న గట్క, కందిపప్పు, నా వంకాయ కూర. జొన్నల్ని రవ్వలా పగలగొట్టి అన్నంలా వండితే గట్క. ముద్ద గొంతు దిగుతుంటే దాని బరువు తెలుస్తుంది, పొద్దుటి దాకా ఆకలి వెయ్యదు. నా కూర గురించి అవ్వ ఏమీ అనలేదు. కానీ రెండోసారి వేసుకుంది. మా ఆవిడకు ఆ సంగతి రెండుసార్లు గుర్తుచేశాను.

నాలుగో రోజు

పొద్దున్నే సామాను సర్దుకున్నాం. ఇల్లు ఊడ్చాం. పొయ్యిని ఎలా వదిలి వెళ్లాలో తెలియక అవ్వను అడిగితే, బూడిద ఎత్తి, పేడ, ఎర్రమట్టి కలిపి తడిగుడ్డతో అలకమంది. ఆ పని మా ఆవిడ చేస్తానంది. "ఇది గరిటె కాదుగా" అని నా నోరు ముందే మూయించింది. నాలుగు వేళ్లతో అరవంపులు తీస్తూ అలికింది. ఎక్కడ నేర్చుకుందో ఇరవై ఏడేళ్ల కాపురంలో నాకు తెలియదు.

మిగిలిన బియ్యం, పప్పు, నూనె సీసా సంచిలో పెట్టుకుని లెక్క తేల్చడానికి వెళ్లాను. బ్యాంకువాడి దురద. అవ్వ సంచిలో చూసి, బియ్యం పక్కన పెట్టి, నూనె తిరిగి ఇచ్చేసింది. దారిలో పిల్లకు ఏదైనా వేయించి పెట్టడానికి పనికొస్తుందట. ఎక్కడ వేయిస్తామో ఆమె చెప్పలేదు. నాలుగు కిలోల కందులు ఉన్న మూట మాత్రం కారులో పెట్టించింది. నేను వద్దంటే కొడుకుతో గోండీలో ఏదో అంది, అందరూ నవ్వారు. పిల్లవాణ్ణి అడిగితే వాడు ముందు చెప్పలేదు. కారు ఎక్కుతుంటే చెవి దగ్గరికి వచ్చి, "నీకు లెక్కలు రావు అంది" అన్నాడు. నోటుపుస్తకంలో అప్పు పేజీ నిండిపోయింది, జమ పేజీలో ఇంకా చాలా గీతలు ఖాళీగా ఉన్నాయి.

అడవి దారిలో ఒకచోట తెల్లబట్టల మనుషులు వరసగా నడుస్తూ కనిపించారు. తెల్ల పంచెలు, తెల్ల తలపాగాలు, చెప్పుల్లేని కాళ్లు. ముందువాడి దగ్గర తెల్లగుడ్డ చుట్టిన ఝరి, అంటే నీళ్ల పాత్ర. గోండుల్లో మెస్రం వంశస్థులు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో తమ నాగదేవత నాగోబాకు అభిషేకం చేయడానికి, జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు నడిచి తీసుకువెళతారు. కారు పక్కకు తీసి ఆపేశాం. ఇంజను కూడా ఆపాడు బావమరిది. వాళ్లు మా వైపు చూడలేదు, ఆగలేదు. ఎండిన టేకు ఆకుల మీద పాదాల చప్పుడు చాలాసేపు వినిపించింది. నిన్న ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కువని విసుక్కున్నవాళ్లం ఆ తర్వాత పది కిలోమీటర్లు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాం. అమ్మ ముందు మనుషుల్ని లెక్కపెట్టుకుంది, తర్వాత కారును చుట్టూ తిరిగి చూసింది. గీతలేవీ లేవని కొంచెం నిరాశపడిందని నా అనుమానం. సామాను దింపుతుంటే సకినాల డబ్బా బరువుగా తగిలింది. అది అవ్వ ఇంట్లో ఉండిపోయి, ఆఖరు నిమిషంలో పిల్లవాడు పరిగెత్తి తెచ్చి ఇచ్చినది. ఖాళీదే అనుకుని వెనక సీటు కింద పడేశాం.

అమ్మ మూత తీసింది. లోపల ఎండిన ఇప్పపువ్వు. కిస్‌మిస్‌లా ముడుచుకుని, గోధుమరంగులో, తీపి తీపిగా, కాస్త పులిసిన వాసనతో డబ్బా అంచు దాకా ఉంది. అమ్మ పుట్టిల్లు ములుగు వైపు. ఒకటి తీసి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"ఎవరిచ్చారు?"

చెప్పాను.

"నూనె లేకుండా వేయించి, నువ్వులు కలిపి దంచాలి. చిన్నప్పుడు మా అమ్మ చేసేది" అంది. నేను వంటింట్లోకి వెళ్లి బాండీ పెట్టాను. మా ఆవిడ ఆవలిస్తూ పడుకోవడానికి వెళ్లింది, తన సెలవు రాత్రి పన్నెండు దాకా ఉందని గుర్తుచేసి మరీ. అమ్మ నా వెనకే వచ్చి నిలబడి, బర్నరు వైపు చూసి, చెయ్యి చాపి తానే తగ్గించింది.

"అంత మంట పెట్టకు. మాడిపోతుంది."